పగడాలకు రాడార్ గండం ఉందా?

విశాఖపట్నం ఆకాశవాణి కేంద్రం 1963 ఆగస్టు 4న మొదలైంది. 927 కిలోహెర్ట్జ్ మీద దాని మీడియం వేవ్ ప్రసారాలు ఏళ్ల తరబడి ఉత్తరాంధ్ర ఇంటింటా పలికాయి. నేనుండే సాలూరు అక్కడికి గాలిదారిన సుమారు 90 కిలోమీటర్లు. అయినా ఆ ప్రసారం లారీ క్యాబిన్లలోనూ, వేగావతి ఒడ్డు పొలాల్లోనూ, పాచిపెంట కొండల కింది పల్లెల్లోనూ వినిపించేది. అదే తరంగం ఎదురుగా ఉన్న బంగాళాఖాతంలోకి దిగబోతే మాత్రం కథ వేరు. నీటి పైభాగంలోనే దాదాపు అంతా వెనక్కి మళ్లిపోతుంది. లోపలికి చొరబడిన కాస్త శక్తీ మొలలోతుకు చేరేసరికి రెండు వేల వంతుల్లో ఒక వంతుకు పడిపోతుంది.

రేడియో, రాడార్ ప్రసారాల వల్ల పగడపు దిబ్బలు చచ్చిపోతున్నాయా అన్న ప్రశ్నకు సగం జవాబు ఇందులోనే ఉంది. మిగతా సగం ఇంకా ముఖ్యమైనది. అది యాంటెన్నా దగ్గర దొరకదు, దాని కింద నేలలో దొరుకుతుంది.

ఈ ప్రశ్న ఎందుకు పుడుతుందో అర్థం చేసుకోవడం కష్టం కాదు. గత యాభై ఏళ్లలో రెండు సంగతులు పక్కపక్కనే జరిగాయి. ప్రపంచమంతా టవర్లు, రాడార్లు, ఉపగ్రహ ప్రసారాలు పెరిగాయి. అదే కాలంలో పగడాలు తెల్లబడి చనిపోవడమూ పెరిగింది. కంటికి కనిపించని తరంగం మీద అనుమానం రావడం సహజం. మన తీరానికి ఆ ప్రశ్న మరీ దూరపుదేమీ కాదు. విశాఖ తూర్పు నౌకాదళానికి కేంద్రం. నగరంలో కైలాసగిరి మీద వాతావరణ శాఖ డాప్లర్ రాడార్ ఉంది. రేవులో తిరిగే ప్రతి పెద్ద ఓడకూ సొంత రాడార్ ఉంటుంది. ఈ సందడి మధ్యనే, 2020 ప్రాంతంలో, భారత జంతు శాస్త్ర సర్వే సంస్థ పరిశోధకులు విశాఖ డైవర్లతో కలిసి నీళ్లలోకి దిగి, పూడిమడక పరిసరాల్లో రాళ్లను పట్టుకుని బతుకుతున్న పగడాలను గుర్తించారు.

లక్షద్వీప్‌లోనో అండమాన్‌లోనో ఉండేంత పెద్ద దిబ్బలు కావివి. గోదావరి నుంచి గంగ దాకా నదులు మోసుకొచ్చే మంచినీరు, ఒండ్రుమట్టి బంగాళాఖాతపు పడమటి ఒడ్డున పగడాన్ని గోడలా పెరగనివ్వవు. అందుకే పాఠ్యపుస్తకాల్లో భారతదేశపు పగడపు దిబ్బల పటంలో ఆంధ్ర తీరం కనిపించదు. మన దగ్గర ఉన్నవి రాళ్ల మీద అక్కడొకటి ఇక్కడొకటిగా అంటుకున్న సమూహాలు. పటంలో లేవు కాబట్టి వాటికి ఏమైనా అయితే అడిగేవాళ్లూ తక్కువే. వాటి గురించి ఇంత పట్టుగా రాయాలనిపించడానికి అదొక కారణం.

ముందు తరంగం సంగతి తేల్చుకుందాం. సముద్రపు నీరు ఉప్పునీరు. అందులో కరిగిన సోడియం, క్లోరైడ్ అయాన్లు విద్యుత్తును బాగా మోస్తాయి. ఏటి నీటితో పోలిస్తే సముద్రపు నీటి విద్యుద్వాహకత వంద రెట్లకు పైగానే ఉంటుంది. రేడియో తరంగం నీటిని తాకగానే దాని విద్యుత్ క్షేత్రం ఈ అయాన్లను కదిలిస్తుంది. ఆ కదలికకు కావలసిన శక్తి తరంగంలోంచే పోతుంది. కాబట్టి లోపలికి వెళ్లేకొద్దీ తరంగం వేగంగా సన్నగిల్లిపోతుంది. తరంగ బలం 37 శాతానికి పడిపోయే లోతును భౌతిక శాస్త్రంలో కొలతగా పెట్టుకుంటారు. 927 కిలోహెర్ట్జ్ మీడియం వేవ్‌కు ఆ లోతు 26 సెంటీమీటర్లు. 100 మెగాహెర్ట్జ్ దగ్గరి ఎఫ్‌ఎం ప్రసారానికి రెండున్నర సెంటీమీటర్లు. వాతావరణ రాడార్లు వాడే ఎస్-బ్యాండ్‌కు సెంటీమీటరు కూడా లేదు. ఓడల మీద గిర్రున తిరిగే మూడు సెంటీమీటర్ల తరంగపు రాడార్‌కు రెండు మిల్లీమీటర్లే. ఈ కొలతకు పది రెట్లు లోతుకు దిగితే మిగిలే శక్తి వంద కోట్లలో రెండు వంతులు. అంటే వాతావరణ రాడార్ తరంగం జానెడు నీళ్ల లోపే ఇంకిపోతుంది. సముద్రంలో జలాంతర్గామి దాక్కోగలుగుతోందంటే అందుకు కారణం ఇదే. రాడార్‌కు నీటి కింద చూపు లేదు.

సరే, నీటి పైన మాత్రం ఎంత శక్తి పడుతోంది? దీన్ని కైలాసగిరి మీదున్న రకం రాడార్‌తో లెక్క వేసి చూడొచ్చు. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న తీరం దాటినప్పుడు దాని కన్నును దగ్గర నుంచి చూసింది ఆ రాడారే. సాలూరు కొండల మీద ముసిరే ఉరుముల మేఘాన్ని కూడా అది అక్కడి నుంచే చూడగలదు. ఇలాంటి రాడార్ సెకనులో పది లక్షల వంతు పాటు వందల కిలోవాట్ల శక్తిని ఒక్కసారిగా వదిలి, ఆ తరువాత వెయ్యి రెట్ల సేపు మౌనంగా ప్రతిధ్వని కోసం వింటుంది. మొత్తం మీద సగటు తీస్తే అది ఒక ఇస్త్రీ పెట్టె వాడే కరెంటు పాటిది. లెక్కకు వీలుగా 1 కిలోవాటు అనుకుందాం. దాని కిరణం వెడల్పు ఒక డిగ్రీ. 5 కిలోమీటర్ల దూరంలో ఆ కిరణం 87 మీటర్ల వెడల్పున, సుమారు 6,000 చదరపు మీటర్ల వృత్తంగా విచ్చుకుంటుంది. వెయ్యి వాట్లు ఆరు వేల చదరపు మీటర్ల మీద పరుచుకుంటే చదరపు మీటరుకు వచ్చేది ఒక వాటులో ఆరో వంతు. మిట్టమధ్యాహ్నపు ఎండ అదే చదరపు మీటరు మీద దాదాపు వెయ్యి వాట్లు కుమ్మరిస్తుంది, అంటే ఆరు వేల రెట్లు. పైగా రాడార్ నిలకడగా ఒకే వైపు చూడదు. అది చుట్టూ తిరుగుతున్నప్పుడు ఒక దిక్కుకు దాని చూపు తగిలేది 360లో ఒక వంతు సేపే. ఆ సంగతి కూడా కలిపితే ఎండకూ రాడార్‌కూ మధ్య తేడా 20 లక్షల రెట్లు దాటుతుంది. కిరణం సాధారణంగా ఆకాశం వైపు కాస్త ఎత్తి ఉంటుందని, నీటిని తాకినా చాలా భాగం వెనక్కి మళ్లుతుందని ఈ లెక్కలో కలపనే లేదు. ఇంత కొద్ది శక్తితో సముద్రం వేడెక్కుతుందనడం కుదరదు. ఒక్క మైక్రోవేవ్ ఫోటాన్‌కు రసాయన బంధాన్ని తెంపే బలమూ లేదు. కాబట్టి ఎక్స్‌రే చేసే హాని రాడార్ చేయదు.

ఇక ఒక మినహాయింపు ఉంది. తరంగం ఎంత నిదానంగా ఊగితే అంత లోతుకు దిగుతుంది. ఆ గుణాన్నే నమ్ముకుని నౌకాదళాలు నీళ్లలో ఉన్న జలాంతర్గామికి కబురు పంపుతాయి. 3 నుంచి 30 కిలోహెర్ట్జ్ మధ్య ఉండే ఆ ప్రసారాలను వీఎల్‌ఎఫ్ అంటారు. మన దేశంలో మొదటి వీఎల్‌ఎఫ్ కేంద్రం తమిళనాడులో తిరునెల్వేలి దగ్గర విజయనారాయణంలో ఉన్న ఐఎన్‌ఎస్ కట్టబొమ్మన్, 1990 అక్టోబరులో పని మొదలుపెట్టింది. రెండోదానికి 2024 అక్టోబరు 15న రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ శంకుస్థాపన చేశారు. అది తెలంగాణలో, వికారాబాద్ జిల్లా దామగుండం అడవిలో. అప్పట్లో రేడియేషన్ గురించి అక్కడి ఊళ్లలో పుట్టిన భయం, ఇప్పుడు మనం మాట్లాడుకుంటున్న ప్రశ్నకు అన్నదమ్ముల వరస.

దామగుండానికి సముద్రం లేదు. విజయనారాయణానికి ఉంది, అదీ పగడాలున్న సముద్రం. తూత్తుకుడి నుంచి రామేశ్వరం దాకా పరుచుకున్న మన్నార్ సింధుశాఖలో 21 దీవులు, వాటి చుట్టూ పగడపు దిబ్బలు. 1986లో ఆ ప్రాంతాన్ని సముద్ర జాతీయ పార్కుగా ప్రకటించారు. కట్టబొమ్మన్ కేంద్రం నుంచి తూత్తుకుడి దీవులు సుమారు 70 కిలోమీటర్ల దూరం. ఆ కేంద్రం తరంగపు బలం సముద్రంలో 37 శాతానికి తగ్గే లోతు రెండు మీటర్లకు కాస్త తక్కువ. అంటే మీడియం వేవ్‌లా ఇది మొలలోతులోనే ఆగిపోదు, పగడాలున్న లోతు దాకా కొంత చేరుతుంది. మరి బలం ఎంత? పది లక్షల వాట్లు ప్రసరించిందని అనుకున్నా, 70 కిలోమీటర్ల దూరంలో నీటి పైన చదరపు మీటరుకు వచ్చేది ఒక వాటులో పదివేల వంతు కన్నా తక్కువ. అందులో నీటిలోకి దిగేది వేల వంతుల్లో ఒక వంతు. జలాంతర్గామికి అది వినపడుతోందంటే అది రిసీవర్ గొప్పతనం, తరంగపు బలం కాదు.

మన్నార్ పగడాలు దెబ్బతిన్న మాట మాత్రం నిజం. ఎలా దెబ్బతిన్నాయో వాటి చరిత్రే చెబుతుంది. దశాబ్దాల పాటు సున్నం కోసం, ఇళ్ల నిర్మాణం కోసం వాటిని తవ్వి పడవల్లో తీసుకుపోయారు. 2001లో పగడాలను వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు, 2004 సునామీ తరువాత తవ్వకం ఆగింది. తరువాతి దెబ్బ వేడిది. 2016 వేసవిలో నీరు కాగిపోయి, ఆ దిబ్బల మీద బతికున్న పగడాల విస్తీర్ణం దాదాపు 39 శాతం నుంచి 23 శాతానికి పడిపోయింది. కట్టబొమ్మన్ ప్రసారాలు అంతకు ముందు పాతికేళ్లుగా నడుస్తూనే ఉన్నాయి. పగడాలు తెల్లబడింది మాత్రం నీరు వేడెక్కిన ఏడాదే.

ఆ తెల్లబడటాన్ని దగ్గర నుంచి చూద్దాం. రాయిలా కనిపించే పగడం మీద చిన్న చిన్న గిన్నెల్లాంటి గుంటలుంటాయి. ఒక్కో గుంటలో ఒక్కో జీవి, పేరు పాలిప్. చాలా జాతుల్లో దాని వెడల్పు కొన్ని మిల్లీమీటర్లే. మధ్యలో నోరు, చుట్టూ వేళ్ల లాంటి స్పర్శకాలు. రాత్రి అవి విచ్చుకుని నీళ్లలో తేలే సూక్ష్మజీవులను పట్టుకుంటాయి. అసలు తిండి మాత్రం దాని ఒంట్లోనే తయారవుతుంది. పాలిప్ కణాల లోపల జూజాంథెల్లే అనే గోధుమరంగు శైవలాలు కాపురముంటాయి. అవి ఎండను పట్టి చేసే చక్కెరతోనే పాలిప్‌కు కావలసిన శక్తిలో 90 శాతం దాకా సమకూరుతుంది. మామూలు వేసవి గరిష్ఠం కన్నా నీరు ఒక్క డిగ్రీ ఎక్కువ వేడెక్కి, కొన్ని వారాలు అలాగే ఉంటే ఈ కాపురం చెడుతుంది. వేడికి శైవలాల యంత్రాంగం అదుపు తప్పి, కణాలకు విషమయ్యే ఆక్సిజన్ రూపాలను వదులుతుంది. పాలిప్ వాటిని బయటకు నెట్టేస్తుంది. రంగు వాటితోనే పోతుంది. కండ పారదర్శకం కాబట్టి కింది సున్నపు అస్థిపంజరం తెల్లగా కనిపిస్తుంది. అప్పటికి జీవి ఇంకా చావలేదు, ఆకలితో ఉంది. నీరు త్వరగా చల్లబడితే కోలుకుంటుంది, లేకపోతే పోతుంది.

2024 ఏప్రిల్‌లో అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా పగడాలు ప్రపంచవ్యాప్తంగా తెల్లబడటం (బ్లీచింగ్) నాలుగోసారి జరుగుతోందని ప్రకటించింది. అదే ఏడాది లక్షద్వీప్ దిబ్బలు తీవ్రంగా తెల్లబడ్డాయి. మనం మండించే బొగ్గు, డీజిలు వల్ల భూమికి చేరిన అదనపు వేడిలో 90 శాతానికి పైగా సముద్రమే మింగుతోంది. లీటరు డీజిలు మండితే దాదాపు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. లారీలే బతుకుతెరువైన సాలూరులో కూర్చుని ఈ అంకె రాయడం ఎవరినో తప్పుపట్టడానికి కాదు. లారీ క్యాబిన్‌లోని రేడియో పగడాన్ని తాకదు, ఇంజను పొగ తాకుతుంది. ఆ తేడా తెలియాలి.

తరంగాల వాదనలో కొట్టిపారేయకూడని అంశం ఒకటుంది. జర్మనీలో ఓల్డెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు రాబిన్ పక్షుల మీద చేసిన ప్రయోగాలను 2014లో ప్రచురించారు. 50 కిలోహెర్ట్జ్ నుంచి 5 మెగాహెర్ట్జ్ దాకా నగరంలో ఉండే బలహీనమైన రేడియో రొద వల్ల ఆ వలస పక్షులు దిక్కు గుర్తించలేకపోయాయి. వాటిని ఉంచిన గుడిసెలకు అల్యూమినియం రేకు కవచం తొడిగితే మళ్లీ గుర్తించగలిగాయి. ఆ దిక్సూచి వెనుక క్రిప్టోక్రోమ్ అనే ప్రోటీన్ ఉందని శాస్త్రవేత్తల అనుమానం. అదే కుటుంబపు ప్రోటీన్లు పగడాల్లో కూడా ఉన్నాయని 2007లో తేలింది. ఆస్ట్రేలియా గ్రేట్ బ్యారియర్ రీఫ్‌లో పగడాలన్నీ కూడబలుక్కున్నట్టు పున్నమి తరువాత కొన్ని రాత్రుల్లోనే అండాలు వదులుతాయి. వెన్నెలను పసిగట్టడంలో ఆ ప్రోటీన్లకు పాత్ర ఉందని భావిస్తున్నారు. అంటే రేడియో, పగడం ఈ రెంటినీ కలిపే దారం ఊహలోనైనా ఒకటి ఉంది. కానీ రాబిన్‌కు చెదిరింది దిశాజ్ఞానం, ఆరోగ్యం కాదు. పగడం రాయికి అంటుకుని బతికేది, వలస పోదు. పైగా రాబిన్ గాలిలో ఉంది, పగడం ఉప్పునీటి కింద ఉంది. పోటు తగ్గినప్పుడు గాలికి బయటపడే దిబ్బ అంచుల దగ్గర ఎవరైనా పరీక్ష పెడితే అది మంచి పరిశోధనే అవుతుంది. మూడు నాలుగు నిలువుల నీటి కింద ఉన్న పగడానికి మాత్రం ఆ రొద వినపడే దారి లేదు.

విద్యుదయస్కాంత తరంగాల్లో పగడం దాకా నిజంగా దిగేది కాంతి. సముద్రం రేడియోకు తలుపు మూసి, కాంతికి మాత్రం, అందులోనూ నీలి కాంతికి, బార్లా తెరిచింది. అందుకే ఆ లోతులో శైవలాలు బతుకుతున్నాయి. రాత్రి దీపాలు చేటు చేసేది కూడా అందుకే. తీరంలోని విద్యుద్దీపాల వెలుగు సోకే చోట పగడాలు పున్నమికి ఒకటి నుంచి మూడు రోజులు దగ్గరగా అండాలు వదులుతున్నాయని 2023లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. పక్క పక్క దిబ్బలు వేరు వేరు రాత్రుల్లో అండాలు వదిలితే ఒకదాని అండం ఇంకొకదాని బీజాన్ని కలుసుకోదు. సముద్రతీరంలో తరంగ కాలుష్యం గురించి దిగులు పడేవాళ్లు ముందు హోటళ్ల ఫ్లడ్‌లైట్లను చూడాలి.

సోనార్‌ను కూడా చాలామంది రాడార్‌తో కలిపేస్తారు. సోనార్ రేడియో కాదు, శబ్దం. శబ్దం నీళ్లలో కిలోమీటర్ల దూరం పోతుంది. పగడపు పిల్లలు, అంటే ఈదే దశలో ఉన్న లార్వాలు, ఆరోగ్యంగా ఉన్న దిబ్బ నుంచి వచ్చే చిటపటల వైపు ఈదుకుంటూ వెళతాయని 2010లో క్యురసావ్ దీవి దగ్గర జరిగిన ప్రయోగం తేల్చింది. కాబట్టి నీటి కింద రొద గురించి అడగడం అర్థమున్న ప్రశ్నే.

ఇప్పుడు యాంటెన్నా కింద నేల సంగతి. రాడార్ వల్ల పగడపు దిబ్బలు నాశనమైన చోటు ఈ భూమి మీద ఉంది. దక్షిణ చైనా సముద్రంలో స్ప్రాట్లీ దీవుల దగ్గర 2013 చివరి నుంచి చైనా ఏడు దిబ్బల మీద కృత్రిమ దీవులు కట్టింది. ఫైరీ క్రాస్, సుబి, మిస్చీఫ్ దిబ్బల మీద ఇప్పుడు రన్‌వేలు, రాడార్ గోపురాలు ఉన్నాయి. డ్రెడ్జర్లు దిబ్బను కోసి, ఆ ముక్కలను, ఇసుకను పీల్చి, మిగిలిన దిబ్బ మీద పోశాయి. అమెరికా రక్షణ శాఖ లెక్క ప్రకారం అలా పుట్టిన నేల సుమారు 3,200 ఎకరాలు. ఆ పని పగడపు పర్యావరణానికి తీవ్రమైన హాని చేసిందని హేగ్‌లోని మధ్యవర్తిత్వ ట్రిబ్యునల్ 2016 జులై 12న తీర్పు చెప్పింది. ఆ రాడార్లు తొలి పల్స్ వదలకముందే పగడం చచ్చిపోయింది.

దామగుండంలో కూడా నన్ను కలవరపెట్టేది తరంగం కాదు. ఆ కేంద్రానికి కేటాయించింది 2,900 ఎకరాల అడవి. మూసీ పుట్టేది ఆ జిల్లా కొండల్లోనే. చెట్టు కొట్టడం, నేల చదును చేయడం, నీటి దారి మారడం: ఇవి కొలవదగ్గ నష్టాలు. రేడియేషన్ గురించి మాత్రమే అరిస్తే అధికారులు హాని లేదని ఒక కొలత చూపించి లేచిపోతారు. అడవి గురించి అడగాల్సిన ప్రశ్న అక్కడే మిగిలిపోతుంది.

పూడిమడక పగడాలకూ ఇదే వర్తిస్తుంది. ఆ తీరం చుట్టుపక్కల అచ్యుతాపురం సెజ్ ఉంది, రాంబిల్లి దగ్గర నౌకాదళ స్థావరం వస్తోంది. కొంచెం ఉత్తరాన విశాఖ పోర్టు ఏటా పూడిక తీస్తుంది. ఈ పనులన్నిటికీ దేశానికి అవసరం ఉండొచ్చు. అయినా డ్రెడ్జర్ లేపిన మెత్తటి బురద పాలిప్ నోటి మీద పేరుకుంటే, దాన్ని తుడుచుకోవడానికి అది తన శక్తి ఖర్చు పెట్టాలి. బురద మరీ ఎక్కువైతే ఎండ అందదు, ఊపిరాడదు. రాతిని పట్టుకున్న పిల్ల పగడాలు ముందు పోతాయి.

బురదలో కొంత వాటా కొండ దగ్గరి వాళ్లదీ. వేగావతి పాచిపెంట కొండల్లో పుట్టి, సాలూరు మీదుగా పారి, నాగావళిలో కలుస్తుంది. నాగావళి శ్రీకాకుళం దాటి కళ్లేపల్లి దగ్గర సముద్రం చేరుతుంది. కొండవాలులో చెట్టు పోయిన చోట మట్టి గెడ్డల్లోకి, గెడ్డల్లోంచి ఏట్లోకి దిగుతుంది. పొలాల్లో మిగిలిన యూరియా కూడా ఆ దారినే పోతుంది. ఉత్తరాంధ్ర తీరంలో పగడాలు ఇంత అరుదుగా ఉండటానికి ఇలాంటి నదుల మట్టి, మంచినీరే సహజ కారణం. ఆ సహజమైన భారానికి మనం ఇంకా కలుపుతూ పోతే, అరుదుగా ఉన్నవి కూడా మిగలవు.

అందువల్ల సాలూరు నుంచి పూడిమడక దాకా ఉన్నవాళ్లకు ఒక మనవి. రాడార్‌ను చూసి భయపడకండి. వేటకు వెళ్లినవాళ్లకు తుపాను కబురు ముందుగా అందడానికి అది కావాలి. విశాఖ తీరంలో కొత్త జెట్టీకో, బ్రేక్‌వాటర్‌కో, పూడికతీతకో ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు మాత్రం మూడు సంగతులు అడగండి. తవ్విన బురద ఎక్కడ పోస్తారు? ఏ నెలల్లో తవ్వుతారు? ఆ చుట్టుపక్కల పగడాలున్న రాళ్లను పని మొదలుకాకముందే పటంలో గుర్తించారా? ఈ పగడాలు పులితో సమానంగా చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. అడిగే హక్కు మనకుంది, జవాబు చెప్పే బాధ్యత వాళ్లకుంది.